పక్కనే బీదర్... చూసిందెందరు?

కోటమట్టి నలుపు, వెండితీగ తెలుపు... గీత దాటితే ఆరొందల ఏళ్ల ముచ్చట

బీదర్: జహీరాబాద్, న్యాల్‌కల్, నారాయణఖేడ్ వైపు రైతుల ఇళ్లలో పాత ట్రంకుపెట్టె అడుగున 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు భద్రంగా దాచి ఉంటుంది. భూమి పంచాయితీ వచ్చినప్పుడే దాని దుమ్ము దులుపుతారు. సర్వే నంబరు, పట్టాదారు పేరు చూసుకుని మళ్లీ మడిచి లోపల పెడతారు. జిల్లా ఏదన్న దాని మీదికి ఎవరి కన్నూ పోదు. ఆనాటికి ఈ ఊళ్ల జిల్లా మెదక్ కాదు. సంగారెడ్డి అసలే కాదు. బీదర్!

అవును, వీళ్ల జిల్లా కేంద్రం ఒకప్పుడు బీదరే. కచేరీ పనైనా, కోర్టు వాయిదా అయినా సద్ది కట్టుకుని అక్కడికే పోయేవారు. 1956 నవంబరు 1న భాషల లెక్కన రాష్ట్రాలను విడదీసినప్పుడు నిజాం కాలపు బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నీలంగా తాలూకాలు అప్పటి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. మిగిలింది మైసూరు రాష్ట్రం పాలు. గీత ఎంత సన్నగా గీశారంటే జహీరాబాద్ తాలూకాలోంచి నిర్ణా సర్కిల్‌ను విడదీసి అటే ఉంచారు. బీదర్ తాలూకాలోంచి న్యాల్‌కల్ సర్కిల్‌ను తెంపి ఇటు కలిపారు. పిల్లనిచ్చిన ఊరు అటు, తెచ్చుకున్న ఊరు ఇటు అయిపోయింది.

గీత పడ్డా రాకపోకలు ఆగలేదు. జహీరాబాద్ నుంచి బీదర్ 30 కిలోమీటర్లు. సంగారెడ్డి కన్నా దగ్గర. రోగమొస్తే దవాఖానాకు, పిల్లల కాలేజీలకు, పెళ్లి బట్టలకు మనోళ్లు అటే పోతారు. శ్రావణంలోనో, ముడుపు తీర్చుకోవడానికో ఝరణీ నరసింహస్వామి దగ్గరికి పోతారు. వచ్చిన పని చూసుకుని సాయంత్రం బస్సుకు వాపసు. కోటను కిటికీలోంచి చూసినవాళ్లే ఎక్కువ. లోపల అడుగు పెట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక ఆ కోటమట్టితోనే బతికే ఒక కళ పాతబస్తీ గల్లీల్లో ఉందన్న సంగతి చెబితే, 'బిద్రీ అంటే హైదరాబాద్‌లో అమ్ముతారే, అదేనా?' అంటారు. అదే! పేరులోనే ఊరుంది మరి.

వెదురే బిదిరు

జహీరాబాద్ దాటాక ఎర్రమట్టి అలాగే సాగుతుంది. బోర్డుల మీద అక్షరాలు మాత్రం మారతాయి. తలకట్టు కాస్త అటూ ఇటూ జరిగినా కూడబలుక్కుంటే చదివేయొచ్చు. ఊరి పేరూ అంతే. కన్నడంలో బిదిరు అంటే మన వెదురే. ఒకప్పుడు ఇక్కడ వెదురు పొదలు దట్టంగా ఉండేవని, అందుకే బీదర్ అయిందని ఒక మాట. మహాభారతంలోని విదురుడి ఊరని ఇంకో మాట. రెండో కథ చెప్పేవాళ్లు మొదటిదాన్ని ఒప్పుకోరు.

ఎర్రరాతి పీఠభూమి అంచున, ఎత్తు మీద ఉంటుంది ఊరు. ఆ ఎత్తును చూసే బహమనీ సుల్తాన్ అహ్మద్ షా 1420లలో రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాడు. అప్పటికే ఉన్న కోటను కొత్తగా కట్టించాడు. ప్రాకారం చుట్టుకొలత నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది. గోడ కన్నా కందకాన్ని చూసి తీరాలి. రాతిని తొలిచి ఒకదాని పక్కన ఒకటి మూడు వరుసలుగా తవ్వారు. మధ్యలో వదిలిన రాయే గోడలుగా నిలబడింది. శత్రువు ఒక్కటి దిగి ఎక్కేసరికి ఇంకోటి ఎదురవుతుంది.

గోల్కొండకు పుట్టిల్లు

చార్మినార్ చూసి మురిసిపోయే మనం దాని మూలం ఎక్కడుందో అడగం. ఇరాన్ నుంచి బతుకుదెరువుకు వచ్చిన కులీ అనే యువకుడు బీదర్ దర్బారులో కొలువుకు కుదిరాడు. మెల్లగా ఎదిగి తెలంగాణ తరఫ్‌దార్ అయ్యాడు. బహమనీల బలం చచ్చాక గోల్కొండలో సొంత రాజ్యం పెట్టుకున్నాడు. ఆయనే సుల్తాన్ కులీ కుతుబ్ షా. ఆయన మనవడు 1591లో హైదరాబాద్ కట్టించాడు. అంటే వరస కలిపితే బీదర్ గోల్కొండకు పుట్టిల్లు.

తెలుగు నేలతో బీదర్‌కు ఇంకో ముడి ఉంది. అది నెత్తుటిది. ఊరి నడుమ, కోటకు పోయే దారిలో మహమూద్ గవాన్ మదర్సా కనిపిస్తుంది. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చి బహమనీలకు వజీరైన గవాన్ 1472లో దీన్ని కట్టించాడు. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, మూడంతస్తులు. మూడు వేల గ్రంథాలుండేవట. దేశదేశాల నుంచి పండితులు వచ్చి పాఠాలు చెప్పేవారు. వజీరు ఎదుగుదల గిట్టని వాళ్లు ఆయన ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, ఒడిశా గజపతిని దండెత్తి రమ్మని రాసినట్లు దొంగ ఉత్తరం పుట్టించారు. అప్పుడు సుల్తాన్ మూడో మహమ్మద్ షా కృష్ణా తీరంలో కొండపల్లి దగ్గర దండు విడిసి ఉన్నాడు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. 1481 ఏప్రిల్ 5న గవాన్ తల నరికించాడు. నిజం తెలిసి కుమిలిన సుల్తాన్ మరుసటి ఏడాదే పోయాడు. రాజ్యం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. కొండపల్లి అంటే కొయ్యబొమ్మలే గుర్తొచ్చే మనకు, బీదర్‌లో ఈ మినార్ కింద నిలబడితే ఇంకోటి గుర్తు రావాలి.

మినార్ అని ఒక్కటే అనాల్సి వస్తోంది. రెండుండేవి. 1696లో, మొగలుల కాలంలో, లోపల దాచిన మందుగుండు పేలి ముందు భాగం, రెండో మినార్ కూలిపోయాయి. చదువుల గుడిలో మందుగుండు పెట్టినవాళ్లను ఏమనాలి? మిగిలిన మినార్ మీద వంకర గీతల్లా అల్లిన నీలం, పచ్చ, తెలుపు పింగాణీ పెంకులు ఇప్పటికీ అక్కడక్కడా అతుక్కుని ఉన్నాయి. పొద్దున ఎండ పడ్డప్పుడు చూడాలి వాటిని.

రంగీన్ మహల్ తలుపు తెరిపించుకోండి

కోటలోకి వెళ్లేదారిలో షర్జా దర్వాజా వస్తుంది. 1503 నాటిది. పైన రాతిలో చెక్కిన రెండు పులులు కాపలా కాస్తుంటాయి. లోపల పదహారు స్తంభాల మసీదు, తఖ్త్ మహల్, గగన్ మహల్, దర్బారు మందిరం. అన్నీ ఇక్కడ వర్ణించడం కుదరదు. కాళ్లలో సత్తువ ఉన్నంత మేరకు తిరగొచ్చు. పాత హమామ్‌లో కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. తఖ్త్ మహల్ కమాను మీద పులి, దాని వెనక ఉదయించే సూర్యుడు ఉన్న పెంకుల బొమ్మ వెతుక్కోవాలి.

చాలామంది తప్పిపోయేది రంగీన్ మహల్‌ను. బయటి నుంచి చూస్తే మామూలు గోడలే. పైగా తలుపుకు తాళం ఉంటుంది. మూసేశారనుకుని పర్యాటకులు వెనక్కి మళ్లుతారు. అక్కడున్న సిబ్బందిని అడిగితే తెరిచి చూపిస్తారు. బహమనీల తర్వాత బీదర్‌ను ఏలిన బరీద్ షాహీల్లో అలీ బరీద్ దీన్ని తీర్చిదిద్దాడు. చెక్కుడు పని చేసిన కొయ్యస్తంభాలు. ద్వారబంధం చుట్టూ నిగనిగలాడే నల్లరాయి, దాంట్లో తొలిచి పొదిగిన ముత్యపు చిప్ప ముక్కలు. తీగలు, ఆకులు, పారసీ అక్షరాలు... చీకటి గదిలో అవి మిణుకుమంటాయి. నల్లటి ఒంటి మీద తెల్లటి మెరుపు. ఈ బొమ్మను మనసులో పెట్టుకుని కోట దిగి బజారుకు వెళ్లాలి. అక్కడ రాయికి బదులు లోహం, చిప్పకు బదులు వెండి. మిగతాదంతా అదే!

మట్టిని నాలుకతో పరీక్ష

పాతబస్తీ నడుమ చౌబారా అనే ఎత్తయిన గడియారపు బురుజు ఉంది. దాని చుట్టుపక్కల, సిద్దీఖ్ తాలీం గల్లీల్లో నడుస్తుంటే టకటక సుత్తి చప్పుడు వినిపిస్తుంది. అవే బిద్రీ దుకాణాలు, వెనకాలే కార్ఖానాలు. ఇరాన్ నుంచి అబ్దుల్లా బిన్ కైసర్ అనే పనివాడు బహమనీల కాలంలో ఈ విద్య తెచ్చాడని, స్థానికులు దాన్ని తమదిగా చేసుకున్నారని ఇక్కడి వాడుక.

బిద్రీ వస్తువుకు ఒళ్లు జింకు. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి కలిపి కరిగిస్తారు. ఆముదం, గుగ్గిలం కలిపిన మెత్తటి మట్టితో అచ్చు కట్టి అందులో పోస్తారు. చల్లారాక తీస్తే గరుకుగా, బూడిదరంగులో ఉంటుంది. ఆకురాయితో నునుపు చేసి మైలుతుత్తం నీళ్లు పూస్తారు. అప్పటికప్పుడు పైన నల్లబడుతుంది. ఇది అసలు నలుపు కాదు, గీతలు కనబడటానికి పూసే పలకమసి లాంటిది. దాని మీద ఉక్కుముల్లుతో చేతివాటంగా పువ్వులు, తీగలు గీస్తారు. స్కేలు లేదు, అచ్చుకాగితం లేదు. తర్వాత సన్నటి ఉలితో గీత వెంట గాడి తీస్తారు. ఒంగి కూర్చుని, చూపంతా ఒక్కచోట నిలిపి, గంటల కొద్దీ! ఆ గాడిలో వెండితీగ పెట్టి సుత్తితో మెల్లగా కొడితే అది లోపల పట్టుకుని కూర్చుంటుంది. తీగ పొదిగితే తార్‌కషీ అంటారు. రేకు పొదిగితే తేహ్‌నిషాన్. జిగురు ఎక్కడా వాడరు.

ఇంతా చేశాక మళ్లీ రుద్దితే మైలుతుత్తం నలుపు పోతుంది. వెండికీ జింకుకూ తేడా తెలియదు. రెండూ తెల్లగా కలిసిపోతాయి. చేసిన పనంతా మాయమైనట్లే. అప్పుడు రావాలి కోటమట్టి.

ఎక్కడి మట్టి పడితే అక్కడిది పనికిరాదు. ఏళ్ల తరబడి ఎండ, వాన తగలని పాత కట్టడాల చాటు నుంచి తేవాలి. అది మంచిదో కాదో పనివాళ్లు చిటికెడు తీసి నాలుకకు రాసుకుని చెబుతారు. ప్రయోగశాల అదే. పాతగోడల నీడన ఉన్న మట్టిలో సురేకారం లాంటి లవణాలు ఊరతాయి. నవాసాగరంతో కలిపి నీళ్లలో మరిగించి, వేడి చేసిన వస్తువుకు పట్టిస్తే జింకు, రాగి కలిసిన ఒళ్లంతా కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం రవ్వంతైనా మారదు. అప్పటిదాకా కనిపించని పువ్వులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. చివరికి కాస్త నూనె రాసి తుడిస్తే అయిపోయింది. ఈ నలుపు రంగు కాదు కాబట్టి గీకినా పెచ్చులు ఊడదు.

నిజాం కాలంలో హుక్కా కుండలు, పాన్‌దాన్‌లు, అత్తరు దానీలు, సురాహీలు ఇళ్లల్లో వాడేవారు. కూతురి పెళ్లికి బిద్రీ సామాను పెట్టడం హైదరాబాద్ పెద్దింటి ఆచారం. అప్పటి వస్తువులు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. హుక్కా పోయింది, పాన్‌దాన్ పోయింది. వాటి బదులు పెన్‌స్టాండ్లు, కీచైన్లు, చెవికమ్మలు, పెన్‌డ్రైవ్ తొడుగులు వచ్చాయి. పెద్దవాళ్లు మొహం చిట్లించినా కార్ఖానా నడవాలంటే తప్పదు.

2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. గల్లీలో పండగ చేసుకున్నారు. గౌరవానికి లోటు లేదు. తిప్పలు వేరేచోట ఉన్నాయి. వెండి ధర 2025లో కిలో లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోయింది. వస్తువు అమ్ముడయ్యేదాకా ఆ పెట్టుబడి పనివాడి నెత్తినే. 2020 లాక్‌డౌన్‌లో పర్యాటకులు లేక దుకాణాలు మూతపడ్డప్పుడు తగిలిన దెబ్బ చిన్నది కాదు. కొలిమి పొగ, మందుల ఘాటు, కళ్లకు శ్రమ. చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. చదువుకున్న కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుంటే తండ్రి కాదనగలడా?

మట్టి సంగతీ అలాంటిదే. కోట పొలం కాదు, తవ్వుకుంటూ పోవడానికి. కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడం. కట్టడం బాగుండాలి, మట్టీ దొరకాలి. పాతగోడలను నున్నగా సిమెంటు చేస్తే గోడ నిలుస్తుందేమో గానీ దాని చాటున ఊరే మట్టి ఇక ఊరదు.

నేల కింద నీళ్ల దారి

బీదర్ ఎర్రరాతిలో ఇంకో వింత ఉంది. ఇరాన్ పద్ధతిలో నేల కింద సొరంగాలు తవ్వి ఊటనీటిని ఊళ్లోకి మళ్లించారు. వాటిని కరేజ్ అంటారు. మధ్యమధ్య గాలికి, పూడిక తీయడానికి బావుల్లాంటి గుంతలు. నౌబాద్ దగ్గరి కరేజ్ చాలాకాలం చెత్త, మట్టి కింద మరుగునపడిపోయింది. పరిశోధకులు ఆనవాళ్లు పట్టాక తవ్వి తీశారు. 2014లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చోట్ల జాబితాలో బీదర్ నగరాన్ని చేర్చింది. యునెస్కో తాత్కాలిక జాబితాలోకి దక్కన్ సుల్తానుల కట్టడాలు ఎక్కిందీ ఆ ఏడాదే. గుల్బర్గా, బీజాపూర్, హైదరాబాద్‌లతో పాటు బీదర్ అందులో ఉంది. తాత్కాలికం అన్న మాట మాత్రం ఇంకా పోలేదు.

సుల్తాన్ సమాధికి జంగమయ్య

పొద్దు వాలే వేళకు అష్టూరు చేరుకుంటే మంచిది. ఊరికి తూర్పున మూడు, నాలుగు కిలోమీటర్లు. పొలాల మధ్య వరుసగా బహమనీ సుల్తానుల గుంబజ్‌లు. పిడుగు పడి సగానికి చీలిన ఒక గుంబజ్ కోసిన పుచ్చకాయలా లోపలంతా చూపిస్తుంది. ప్రజలను పీడించి 'జాలిం' అని పేరు తెచ్చుకున్న హుమాయూన్ షాది. పిడుగు సరైనచోటే పడిందని ఊళ్లో నవ్వుకుంటారు.

దాని పక్కనే అహ్మద్ షా సమాధి. ఈయన్ను వలీ అంటారు, అంటే మహాత్ముడని. లోపల గోడల మీద, కప్పు మీద ఎరుపు, బంగారు రంగుల చిత్రాలు కాస్త మసకబారినా కళ్లు తిప్పనివ్వవు. లింగాయతులు ఈయన్ను అల్లమప్రభువు అవతారంగా కొలుస్తారు. హోలీ వెళ్లాక జరిగే ఉర్సుకు కలబురగి జిల్లా నుంచి జంగమస్వామి భక్తులతో కలిసి కాలినడకన వస్తాడు. ఆయన శంఖం ఊది, కొబ్బరికాయ కొడితేనే జాతర. అటు ఫాతిహా, ఇటు మంగళహారతి. ఎవరికీ అడ్డనిపించదు. ఆరొందల ఏళ్ల కిందటి రాజు కోసం ఇద్దరూ వస్తున్నారు.

ఊరికి ఇంకో చివర గురునానక్ ఝీరా గురుద్వారా. గురునానక్ దక్షిణాదికి వచ్చినప్పుడు ఇక్కడ ఆగారని, ఉప్పునీళ్లతో అల్లాడుతున్న జనం కోసం పావుకోడుతో రాయి తొలగిస్తే తియ్యటి ఊట పుట్టిందని సిక్కుల నమ్మకం. ఆ ఊట ఇంకా పారుతోంది. ఖాల్సా తొలి ఐదుగురు 'పంజ్ ప్యారే'ల్లో ఒకరైన భాయి సాహిబ్ సింగ్ బీదర్ వారే. కులానికి మంగలి. లంగరులో ఎవరైనా కూర్చుని తినొచ్చు. రొట్టె, పప్పు కడుపునిండా పెడతారు.

ఇలా పోవాలి

హైదరాబాద్ నుంచి బీదర్ సుమారు 140 కిలోమీటర్లు. ముంబయి హైవే మీద జహీరాబాద్ దాకా వచ్చి కుడివైపు మళ్లాలి. రైలైతే వికారాబాద్, జహీరాబాద్ మీదుగా. భాషకు ఇబ్బంది లేదు. తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ నాలుగూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడినా బజారులో అర్థం చేసుకుంటారు. పొద్దున్నే బయల్దేరితే కోట, మదర్సా, బిద్రీ గల్లీ, అష్టూరు ఒక్కరోజులో చూసి రావచ్చు. ఝరణీ నరసింహస్వామి గుహలో ఛాతీ లోతు నీళ్లలో నడవాలి. కొన్నిసార్లు దర్శనం నిలిపేస్తారు కాబట్టి ముందే కనుక్కుని పోవడం మేలు.

బిద్రీ కొనేటప్పుడు రెండు సంగతులు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలి, అయస్కాంతం అంటుకోకూడదు. వెండి గీత మీద వేలు పోనిస్తే ఎత్తుపల్లం తగలకూడదు. ఇంటికి తెచ్చాక ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండు పెట్టి తోమొద్దు, నలుపు పోతుంది. మెత్తటి గుడ్డకు చుక్క కొబ్బరినూనె రాసి తుడిస్తే చాలు. కింద పడితే మాత్రం జింకు పగులుతుంది. పిల్లలకు అందని గూట్లో పెట్టుకోవాలి.